చరతారలతో పాలపుంత పటం: నా ప్రాజెక్టు డైరీ

ఏం చేయాలనుకుంటున్నాను

పాలపుంతను బయట నుంచి చూసినవాళ్లు ఎవరూ లేరు. పుస్తకాల అట్టల మీద కనిపించే ఆ సుడి ఆకారపు బొమ్మ లెక్కల ఆధారంగా చిత్రకారులు గీసిందే. పాలపుంత ఒక పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. మనం ఆ పళ్లెం లోపలే, కేంద్రం నుంచి సుమారు 26,700 కాంతి సంవత్సరాల దూరంలో, దాని మధ్య తలానికి కాస్త పైన ఉండి చూస్తున్నాం. అందుకే మనకది ఆకాశంలో ఒక తెల్లటి చారలా కనబడుతుంది తప్ప దాని ఆకారం తెలియదు. ఏ నక్షత్రం ఏ దిక్కున ఉందో చాలా కచ్చితంగా కొలవగలం. ఎంత దూరంలో ఉందన్న దగ్గరే చిక్కంతా.

దూరాల లెక్కలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి పారలాక్స్. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు అటూ ఇటూ రవ్వంత జరుగుతుంది. ఆ జరుగుడు ఎంత తక్కువైతే నక్షత్రం అంత దూరం. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 డిసెంబరులో పంపిన గాయా ఉపగ్రహం 2025 జనవరి దాకా ఈ పనే చేసింది. అయినా 10,000 పార్సెక్కుల దూరంలో (ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు) ఆ జరుగుడు ఆర్క్‌సెకండులో (ఒక ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు) పదివేలో వంతే. ఓ మోస్తరు ప్రకాశం ఉన్న నక్షత్రానికి గాయా మూడోసారి విడుదల చేసిన సమాచారంలోని కొలత దోషం అందులో అయిదో వంతు దాకా ఉంటుంది. అంటే పటం మీద చుక్క రెండు వేల పార్సెక్కులు ముందుకో వెనక్కో పోవచ్చు. పళ్లెం అంచుల ఆకారం అలాంటి చుక్కలతో తేలదు.

ఆ దూరాల్లో ఆదుకునేవి చరతారలు, అంటే వెలుగు మారుతుండే నక్షత్రాలు, ముఖ్యంగా సెఫీడ్లు అనే రకం. వాటి వెలుగు ఒక లయతో పెరిగి తగ్గుతుంది, ఆ లయే వాటి అసలు ప్రకాశాన్ని చెబుతుంది. అసలు ప్రకాశం, మనకు కనిపించే ప్రకాశం రెండూ తెలిస్తే దూరం లెక్క కట్టొచ్చు. కోట్ల నక్షత్రాలు అక్కర్లేదు, దూరం గట్టిగా తెలిసినవి కొన్ని వేలు చాలు.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను. పటం మీద ఖాళీ కనిపిస్తే, అక్కడ నక్షత్రాలు లేకనా, మన చూపు అందకనా అన్నది తేలేదాకా దాని గురించి ఏమీ తేల్చి రాయకూడదు.

ముందు ఒక్క నక్షత్రం

కేటలాగు తెరిచే ముందు ఒక సెఫీడ్ కొట్టుకోవడాన్ని కళ్లారా చూడాలనిపించింది. ఎంచుకున్నది గరుడ మండలంలోని ఈటా అక్విలే. శ్రవణ నక్షత్రానికి దక్షిణంగా, మామూలు కంటికే అందుతుంది. 1784లో ఎడ్వర్డ్ పిగాట్ దీని మార్పును గుర్తించాడు. అదే ఏడాది ఆయన స్నేహితుడు, వినికిడి లేని యువకుడు జాన్ గుడ్రిక్, డెల్టా సెఫై మార్పును పట్టుకున్నాడు. సెఫీడ్లకు ఆ పేరు వచ్చింది ఈ రెండో తార నుంచే.

పద్ధతి తేలికే. పక్కన మార్పు లేని నక్షత్రాలతో పోల్చి చూడాలి. అదే మండలంలోని తీటా అక్విలే 3.2 మాగ్నిట్యూడు, డెల్టా అక్విలే 3.4, బీటా 3.7, అయోటా 4.4. మాగ్నిట్యూడు అంటే ప్రకాశపు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఈటా బీటా కన్నా మసకగా, అయోటా కన్నా ప్రకాశంగా ఉంటే, ఆ రెంటి మధ్య ఎన్నో వంతు దగ్గర ఉందో అంచనా వేసి రాసుకోవాలి. నిన్న ఎంత రాశామో చూడకుండా రాయడం అన్నిటికన్నా ముఖ్యం. చూస్తే కన్ను ఆ అంకెనే వెతుక్కుంటుంది. మండలం పడమటికి వాలాక వేసిన అంచనాలను పక్కన పెట్టాను, కిందికి దిగేకొద్దీ గాలి మందం ఒక్కో నక్షత్రాన్ని ఒక్కోలా మసకబారుస్తుంది.

రోజుల వారీగా గ్రాఫు మీద పెడితే మొదట ఏదో చెదురుమదురు చుక్కల్లా ఉంది. మబ్బు పట్టిన రాత్రులు మధ్యలో ఖాళీలు. పిగాట్ కాలం నుంచీ తెలిసిన 7.18 రోజుల పీరియడ్‌తో (వెలుగు ఒక చుట్టు పూర్తి చేయడానికి పట్టే సమయం) మడతపెట్టాను. అంటే ప్రతి పరిశీలన సమయాన్నీ 7.18తో భాగించి, పూర్ణాంకం వదిలేసి, మిగిలిన భిన్నాన్ని మాత్రమే అడ్డ గీత మీద ఉంచడం. వేర్వేరు వారాల చుక్కలన్నీ ఒకే చుట్టులోకి వచ్చి కూర్చున్నాయి. దాదాపు రెండు రోజుల్లో చకచకా పైకి ఎక్కింది, మిగతా అయిదు రోజులూ నెమ్మదిగా దిగింది. పై కొస 3.5, కింది కొస 4.4 దగ్గర. పీరియడ్‌ను కావాలని 6.9కి మార్చి చూస్తే వంపు చెదిరిపోయింది, 7.18కి తెస్తే మళ్లీ కుదురుకుంది. వందల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక గోళం ఉబ్బి కుంచించుకుపోవడం నా చేతిరాత అంకెల్లో కనబడింది. తర్వాత వేల నక్షత్రాల పట్టికలతో పని చేసినప్పుడు ప్రతి వరుస వెనకా ఇలాంటి ఒక వంపు ఉందన్న ధ్యాస పోలేదు.

ఎందుకు కొట్టుకుంటుంది

నక్షత్రం లోపల, ఉపరితలానికి కొంత దిగువన, హీలియం సగం అయనీకరణం చెందిన, అంటే తన రెండు ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని పోగొట్టుకున్న, పొర ఒకటి ఉంటుంది. నక్షత్రం కుంచించుకున్నప్పుడు ఆ పొరలో హీలియం మరో ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని, వెలుగును ఎక్కువగా అడ్డుకుంటుంది. వేడి లోపలే చిక్కి పొరను పైకి తోస్తుంది. ఉబ్బాక హీలియం ఎలక్ట్రాన్లను తిరిగి పట్టుకుంటుంది, పొర పలచబడి వేడి బయటికి పోతుంది, బరువుకు పైపొర మళ్లీ కిందికి దిగుతుంది. మరుగుతున్న గిన్నె మీద మూత ఎగిరి పడుతున్నట్టే. పెద్ద నక్షత్రానికి సాంద్రత తక్కువ కాబట్టి ఒక్కో చుట్టుకు ఎక్కువ సమయం పడుతుంది. పెద్దది కాబట్టి వెలుగూ ఎక్కువ. లయకూ ప్రకాశానికీ ఉన్న సంబంధానికి మూలం ఇదే.

లెక్క

ఈ సంబంధాన్ని బయటపెట్టింది హెన్రియెటా స్వాన్ లెవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫొటో పలకలను పరిశీలిస్తూ పాలపుంతకు పొరుగున ఉన్న రెండు చిన్న గెలాక్సీలైన మాగెల్లానిక్ మేఘాల్లో 1,777 చరతారలను ఆమె గుర్తించింది. 1912లో చిన్న మేఘంలోని 25 తారల పీరియడ్లను వాటి ప్రకాశంతో పోల్చి, అవి ఒకే గీత మీద పడుతున్నాయని చూపించింది. మేఘంలోని తారలన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉండడం ఆమెకు కలిసొచ్చింది. దూరాల తేడా లెక్కలో కలవలేదు కాబట్టి అసలు ప్రకాశాల తేడా సూటిగా కనబడింది.

నేను వాడుతున్న గీత పెద్ద మాగెల్లానిక్ మేఘం నుంచి వచ్చినది. ఆకాశాన్ని పదేపదే ఫొటోలు తీసే ఓగ్లే సర్వే వేల సెఫీడ్లతో ఆ గీతను గీసింది. ఆ మేఘం దూరాన్ని ఒకదాన్నొకటి మరుగుపరుస్తూ తిరిగే గ్రహణ జంట తారల ద్వారా 2019లో పీట్రిన్‌స్కీ బృందం ఒక శాతం కచ్చితత్వంతో తేల్చింది: 49,590 పార్సెక్కులు. రెండూ కలిపితే సూత్రం ఇలా వస్తుంది. పీరియడ్‌ను రోజుల్లో తీసుకుని, దాని లాగరిథమ్‌ను 3.31తో గుణించి, 2.59 కలిపి, ముందు మైనస్ గుర్తు పెట్టాలి. వచ్చేది ధూళి ప్రభావం తీసేసిన అసలు మాగ్నిట్యూడు.

ఈటా అక్విలే మీద ప్రయోగించాను. పీరియడ్ 7.18 రోజులు, లాగరిథమ్ 0.856. అసలు మాగ్నిట్యూడు మైనస్ 5.42. సగటున పసుపుపచ్చకు దగ్గరి వి బ్యాండులో 3.90, పరారుణానికి దగ్గరి ఐ బ్యాండులో 3.03. ఈ రెంటి తేడా 0.87ను 1.55తో గుణించి ఐ నుంచి తీసేస్తే 1.68 మిగులుతుంది. కనిపించే అంకెకూ అసలు అంకెకూ మధ్య తేడా 7.1. దాన్ని దూరంగా మారిస్తే 264 పార్సెక్కులు, అంటే 860 కాంతి సంవత్సరాలు. పారలాక్స్ ద్వారా వచ్చే విలువ కూడా ఈ చుట్టుపక్కలే ఉంది. ఆ 1.55 అనే అంకె సంగతి ధూళి దగ్గర చెబుతాను, కథంతా దానిలోనే ఉంది.

పట్టికలు దించుకోవడం

గాయా మూడో విడుదల 2022 జూన్‌లో వచ్చింది. అందులో 15,006 సెఫీడ్లున్నాయి. ఈ అంకె చూసి సంబరపడకూడదు, ఎందుకంటే 4,663 పెద్ద మాగెల్లానిక్ మేఘానివి, 4,616 చిన్న మేఘానివి, కొన్ని వందలు ఆండ్రోమెడా, ట్రయాంగులం గెలాక్సీలవి. మిగిలిన 5,221లో కూడా అన్నీ మనకు పనికొచ్చే రకం కాదు. మరోపక్క పీట్రుకోవిచ్, సోషిన్‌స్కీ, ఉడాల్‌స్కీ 2021లో పాలపుంతలోని అసలు సిసలు సెఫీడ్లను ఒక్కొక్కటిగా పరిశీలించి 3,352 పేర్లతో జాబితా ఇచ్చారు. ముగ్గురూ వార్సా విశ్వవిద్యాలయం నడిపే ఓగ్లే సర్వేలో పనిచేసేవాళ్లు. చిలీలోని లాస్ కంపానాస్‌లో 1.3 మీటర్ల టెలిస్కోపుతో ఆకాశాన్ని ఏళ్ల తరబడి పదేపదే ఫొటోలు తీస్తూ వస్తున్న సర్వే ఇది. ఈ జాబితాను వెన్నెముకగా పెట్టుకుని, గాయా నుంచి స్థానాలూ ప్రకాశాలూ తెచ్చి జతచేశాను. జతచేయడానికి టాప్‌క్యాట్, లెక్కలకు పైథాన్‌లో ఆస్ట్రోపై, బొమ్మలకు మ్యాట్‌ప్లాట్‌లిబ్. అన్నీ ఉచితంగా దొరికేవే.

రకాలు వేరు చేయడం దగ్గర తొందర పనికిరాదు. వీణ తీగ ఒక్కోసారి తన మూల స్వరం కన్నా పై స్వరంలో మోగినట్టు, సెఫీడ్లలో కొన్ని మూల స్వరంలో కాకుండా మొదటి ఉపస్వరంలో, అంటే ఇంకా వేగమైన లయలో, కొట్టుకుంటాయి. వాటి పీరియడ్ అదే తార మూల స్వరంలో ఉంటే వచ్చేదానిలో సుమారు 0.7 వంతు. ఉపస్వర తారను మూల స్వర గీత మీద పెడితే అసలు కన్నా అర మాగ్నిట్యూడు మసకదని లెక్క తేలుతుంది, చుక్క సూర్యుడి వైపు 20 శాతం దగ్గరికి జరిగిపోతుంది. రెండో రకం సెఫీడ్లతో ఇంకా పెద్ద ప్రమాదం. అవి ముసలి, తేలికపాటి తారలు. అదే పీరియడ్‌కు ఒకటిన్నర మాగ్నిట్యూడో అంతకంటే ఎక్కువో మసకగా ఉంటాయి. ఈ రెండు జాతులూ వేరని వాల్టర్ బాడె 1952లో ప్రకటించినప్పుడు ఆండ్రోమెడా దూరం ఒక్కసారిగా రెట్టింపైంది.

వేరు చేసే ఆధారం వంపు ఆకారమే. గాయా ఒక్కో తారకు కొన్ని పదుల కొలతలు ఇస్తుంది, అవి ఎడాపెడా సమయాల్లో ఉంటాయి. ఒక తారను తీసుకుని చూస్తే ముందు చుక్కల గుంపు. మడత పెట్టగానే సొరచేప రెక్కలా నిటారుగా లేచి ఏటవాలుగా దిగే వంపు వస్తే అది మూల స్వరం. గుండ్రంగా, చిన్నగా, ఎక్కుడూ దిగుడూ దాదాపు సమానంగా ఉంటే ఉపస్వరం కావొచ్చు. పీరియడ్ ఏడు రోజులకు దగ్గరైతే దిగే వైపు చిన్న గూని కనబడుతుంది, పది రోజులకు చేరేసరికి ఆ గూని శిఖరం దగ్గరికి వస్తుంది, ఇంకా ముందుకు పోతే ఎక్కే వైపుకు మారుతుంది. 1926లో హెర్ట్‌స్ప్రంగ్ గమనించిన క్రమం ఇది. దీన్ని ఫోరియర్ గుణకాల్లో, అంటే వంపు ఆకారాన్ని చెప్పే కొన్ని అంకెల్లో, పెట్టి కంప్యూటరుకు అప్పజెప్పొచ్చు. నేను మాత్రం దూరపు అంచున పడిన ప్రతి తార వంపునూ కంటితో చూశాను. దగ్గరి తార తప్పు జాతిలో పడితే పటానికి పెద్దగా నష్టం లేదు. అంచున ఉన్నది తప్పు జాతిదైతే పాలపుంత ఆకారమే మారిపోతుంది.

ధూళి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తినేసింది ఇదే, తినడమూ న్యాయమే.

పళ్లెం నిండా సన్నటి ధూళి ఉంది. అది వెలుగును తగ్గిస్తుంది, ఎర్రబారుస్తుంది. తగ్గిన సంగతి తెలియకపోతే తార దూరంగా ఉందని అనుకుంటాం. 1918లో హార్లో షాప్లీ గుళికాకార తారాగుచ్ఛాల దూరాలను చరతారల సాయంతో కట్టి, సూర్యుడు కేంద్రంలో లేడని మొదటిసారి చూపించాడు. దిక్కు సరిగ్గా చెప్పాడు, ధనుస్సు రాశి వైపు. దూరం మాత్రం ఇప్పటి విలువకు రెట్టింపుకు పైగా వచ్చింది. దానికి ఒక కారణం ధూళిని లెక్కలోకి తీసుకోకపోవడం, ఇంకొకటి చరతారల జాతులు కలిసిపోవడం. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ తారాగుచ్ఛాల సైజులనూ ప్రకాశాలనూ పోల్చి, మధ్యలో వెలుగును మింగే పదార్థం ఉందని రుజువు చేశాకే విషయం స్పష్టమైంది.

ఇప్పుడు ఆ 1.55 దగ్గరికి వస్తాను. ధూళి నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా అడ్డుకుంటుంది. తార ఎంత ఎర్రబారిందో వి, ఐ బ్యాండుల తేడాలో కనబడుతుంది. ఎర్రబారడానికీ ఐ బ్యాండులో మసకబారడానికీ మధ్య నిష్పత్తి 1.55 అని తీసుకుంటే, ఆ తేడాను 1.55తో గుణించి తీసేయగానే ధూళి ప్రభావం దానంతట అదే కొట్టుకుపోతుంది. వెసెన్‌హైట్ సూచి అంటే ఇదే. ధూళి ఎంతుందో విడిగా తెలియనవసరం లేదు. ఇంత చక్కని ఉపాయం ఇంకోటి లేదని నా అభిప్రాయం. మన చుట్టుపక్కల ఇది అద్భుతంగా పనిచేస్తుంది.

అయితే ఆ నిష్పత్తి అన్ని దిక్కులా ఒకటే కాదు. ధూళి రేణువుల సైజు మారితే అదీ మారుతుంది. కేంద్రం వైపు అది 1.2 దగ్గరికి తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. ఆ ధూళి వెనక ఒక సెఫీడ్ మూడు మాగ్నిట్యూడ్ల మేర ఎర్రబారిందనుకోండి. 1.55కూ 1.2కూ తేడా 0.35, దాన్ని మూడుతో గుణిస్తే ఒక మాగ్నిట్యూడు. దూరం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. కేంద్రానికి అవతల ఉండాల్సిన తార ఇవతల పడుతుంది. ఒక్క దశాంశం మీద ఇంత ఆధారపడి ఉంది.

అందుకని కేంద్రం దిక్కున, రెండు వైపులా కొన్ని డిగ్రీల మేర, వి ఐ లెక్కలను పక్కన పెట్టి పరారుణ కొలతలకు మారాను. నాసా వైజ్ ఉపగ్రహం 3.4 మైక్రాన్ల దగ్గర తీసిన కొలతలు ఆకాశమంతటికీ దొరుకుతాయి. అక్కడ ధూళి బెడద దృశ్య కాంతితో పోలిస్తే పదో వంతు కన్నా తక్కువ. కానీ వైజ్ చూపు గాయా అంత పదునైంది కాదు, ఆరు ఆర్క్‌సెకండ్లలోపు ఉన్న తారలు ఒకే మచ్చగా కలిసిపోతాయి. కిక్కిరిసిన చోట పక్క తార వెలుగు మన సెఫీడ్ ఖాతాలో పడుతుంది. గాయాలో ఆ ఆరు ఆర్క్‌సెకండ్ల లోపల ఇంకో ప్రకాశవంతమైన తార ఉన్న ప్రతి సెఫీడ్‌కూ ఒక గుర్తు పెట్టాను. వాటిని తొలగించలేదు, పటం మీద బోలు వృత్తాలుగా చూపిస్తున్నాను.

పై నుంచి చూసిన పటం

దూరం, గెలాక్టిక్ రేఖాంశం, అక్షాంశం. ఈ మూడింటినీ మూడు అక్షాల్లోకి మార్చి, కేంద్రాన్ని మూలబిందువుగా పెట్టి, సూర్యుణ్ని 8,200 పార్సెక్కుల దూరంలో నిలిపాను. బొమ్మ తెర మీదికి వచ్చినప్పుడు కాసేపు ఏ లెక్కా చేయకుండా చూస్తూ ఉండిపోయాను.

సూర్యుడి చుట్టూ చుక్కలు దట్టంగా ఉన్నాయి, అది చూపు బాగా అందడం వల్లే. దానికవతల ధనుస్సు, కెరీనాల వైపు వంపు తిరిగిన ఒక గుంపు, కేంద్రానికి వ్యతిరేక దిక్కున పెర్సియస్ భుజం (పాలపుంత సుడి చేతుల్లో ఒకటి) ఉండాల్సిన చోట ఇంకో చెదురు గుంపు. కేంద్రం వెనక పెద్ద ఖాళీ, చీకటి త్రిభుజంలా.

బొమ్మలో సూర్యుడి నుంచి నేరుగా బయటికి వేళ్లలా చాచిన గీతలు కొన్ని ఉన్నాయి. ఇలాంటివాటిని అసలు నమ్మకూడదు. దూరంలో దోషం ఎప్పుడూ చూపు దిక్కునే చుక్కను ముందుకీ వెనక్కీ లాగుతుంది. ఒక మాగ్నిట్యూడులో పదో వంతు తేడా దూరంలో అయిదు శాతం. 15,000 పార్సెక్కుల దగ్గర అది 700 పార్సెక్కులు. కాబట్టి దగ్గరదగ్గరగా ఉన్న ఒక చిన్న గుంపు కూడా పొడవాటి వేలుగా సాగుతుంది. ఏ భుజమైనా సూర్యుడి వైపే చూపిస్తుంటే అది పాలపుంతది కాదు, మన కొలతది.

కేంద్రం వెనక ఖాళీ సంగతి కూడా అంతే. అక్కడ తారలు లేవని చెప్పడానికి వీల్లేదు. కేంద్రం దిక్కున దృశ్య కాంతి 30 మాగ్నిట్యూడ్లు తగ్గుతుంది, అంటే లక్ష కోట్లలో ఒక వంతే మనకు చేరుతుంది. 2011లో మట్సునాగా బృందం పరారుణంలో చూసి, కేంద్రానికి అతి సమీపంలో మూడు సెఫీడ్లను పట్టుకుంది. మూడింటి పీరియడూ 20 రోజులకు దగ్గర, అంటే రెండున్నర కోట్ల ఏళ్ల పసి తారలు. 2014లో మైకేల్ ఫీస్ట్ బృందం కేంద్రానికి అవతలి వైపు, తలానికి వేయి పార్సెక్కులకు పైగా ఎడంగా, అయిదు సెఫీడ్లు ఉన్నాయని చూపించింది. తలానికి పైనా కిందా ధూళి పలచగా ఉంటుంది కాబట్టే అవి కనబడ్డాయి.

కేంద్రానికీ మనకూ మధ్య ఉన్న లోపలి భాగం మరీ ఆసక్తికరం. 2015లో డెకానీ బృందం అక్కడ సెఫీడ్ల పలచని చక్రం ఉందని ప్రకటించింది. 2016లో మట్సునాగా బృందం, అక్కడ నిజంగానే సెఫీడ్లు దాదాపు లేవని, అవి ఇంకా వెనక ఉన్నవని వాదించింది. రెండు బృందాలూ మంచి పరిశీలనలే చేశాయి. తేడా ఎక్కువగా ధూళి సూత్రంలోనే ఉంది. నా పటంలో రెండు సూత్రాలతోనూ విడివిడిగా లెక్క కట్టి పక్కపక్కన పెట్టాను. ఒకదానిలో లోపలి భాగం నిండుతుంది, ఇంకోదానిలో ఖాళీ అవుతుంది. ఆ భాగానికి బూడిద రంగు వేసి వదిలేశాను.

పక్క నుంచి చూస్తే

పళ్లెం వంగి ఉంది. ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిందే ఇది సొంతంగా చూడాలని.

హైడ్రోజన్ వాయువు పటాల్లో ఈ వంపు 1957 నుంచే తెలుసు. నక్షత్రాలతో త్రిమితీయంగా చూపించింది 2019లో. చెన్ షియావోడియాన్ బృందం 1,339 సెఫీడ్లతో, డొరొటా స్కోవ్రాన్ బృందం 2,431 సెఫీడ్లతో. రెండింటిలోనూ పళ్లెం బయటి భాగం ఒక పక్క పైకి, ఎదురు పక్క కిందికి వంగింది.

నేను చేసింది ఇది. కేంద్రం నుంచి దూరాన్ని బట్టి తారలను వలయాలుగా విడగొట్టాను. ప్రతి వలయంలో కేంద్రం చుట్టూ కోణాన్ని అడ్డంగా, తలం నుంచి ఎత్తును నిలువుగా పెట్టి, కోణం ముక్కలవారీగా మధ్యస్థ విలువ తీశాను. సగటు తీయలేదు, ఒక్క తార తప్పు జాతిదైనా సగటును లాగేస్తుంది. సూర్యుడి వలయం లోపల గీత దాదాపు చదునుగా ఉంది. ఆ బయటి వలయాల్లో నెమ్మదిగా అల లేచింది. హంస, సెఫియస్ మండలాల వైపు పైకి, వేలా, కెరీనాల వైపు కిందికి. బయటికి పోయేకొద్దీ అల ఎత్తు వందల పార్సెక్కుల నుంచి వేయికి చేరువైంది. పళ్లెం మందం కూడా బయటికి పోయేకొద్దీ పెరిగింది.

బొమ్మ గీసేటప్పుడు నిలువు కొలతను సాగదీస్తే వంపు నాటకీయంగా కనబడుతుంది. నిజమైన నిష్పత్తిలో అది చాలా సున్నితం, పదిహేను వేల పార్సెక్కుల వ్యాసార్ధానికి వేయి పార్సెక్కుల ఎత్తు. అందుకే రెండు బొమ్మలూ ఉంచుతున్నాను.

ఇక్కడా అదే ప్రశ్న: ఇది పళ్లెం ఆకారమా, సర్వే ఆకారమా? నేల మీది సర్వేలు పాలపుంత చార వెంబడి ఒక పట్టీనే చూస్తాయి. వంపు ఆ పట్టీ దాటి పోతే పై తారలు జాబితాలోకి రావు, వంపు అసలు కన్నా తక్కువగా కనబడుతుంది. అందుకని ఆకాశమంతా సమానంగా చూసిన గాయా తారలతో మాత్రమే లెక్క మళ్లీ చేశాను. దూరపు తారలు తగ్గాయి, గీత కాస్త గరుకైంది, అల మాత్రం అక్కడే ఉంది. ధూళి సూత్రాన్ని మార్చినా ఉంది. బయటి అంచున ధూళి తక్కువ కాబట్టి సూత్రం మారితే దూరాలు జరుగుతాయి గానీ, పైకి ఉన్నది కిందికి రాదు. ఈ ఒక్క ఫలితాన్ని బూడిద రంగు లేకుండా గీశాను.

వయసుల రంగులు

సెఫీడ్ పీరియడ్ దాని వయసునూ చెబుతుంది. బరువైన తార త్వరగా ఈ దశకు చేరుతుంది, పొడవైన పీరియడ్‌తో కొట్టుకుంటుంది. ఒక ప్రామాణిక సూత్రం ప్రకారం మూడు రోజుల తారకు దాదాపు పది కోట్ల ఏళ్లు, పది రోజులదానికి నాలుగున్నర కోట్లు, ముప్పై రోజులదానికి రెండు కోట్లు. తార తన చుట్టూ తాను తిరగడాన్ని లెక్కలోకి తీసుకునే నమూనాల్లో ఇవి దాదాపు రెట్టింపవుతాయి. కాబట్టి అంకెల కన్నా వరుసనే నమ్ముతున్నాను.

వయసును బట్టి రంగులు వేస్తే పిన్న తారలు సన్నని వంపుల వెంబడి నిలిచాయి, పెద్దవి చెల్లాచెదురయ్యాయి. సూర్యుడు కేంద్రం చుట్టూ ఒక చుట్టు తిరగడానికి 22 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. లోపలి తారలు ఇంకా త్వరగా చుట్టేస్తాయి. పుట్టినప్పుడు ఒక భుజంలో పక్కపక్కన ఉన్నవి పది కోట్ల ఏళ్లలో ఎంతో ఎడమైపోతాయి. స్కోవ్రాన్ బృందం ఈ లెక్కను వెనక్కి తిప్పి, కొన్ని గుంపులు ఒకప్పుడు భుజాల్లోనే పుట్టి ఉండొచ్చని చూపింది. నాకు ఆ మేర లెక్క ఇంకా సాగలేదు, కదలికల వేగాలు జతచేయాలి.

ఆర్ఆర్ లైరేలు

పళ్లెం బయట, దాని చుట్టూ పలచగా ఆవరించిన తారల ప్రాంతమైన హేలో కోసం గాయాలోని 2.7 లక్షల ఆర్ఆర్ లైరే తారలను దించాను. ఇవి వెయ్యి కోట్ల ఏళ్లకు పైబడిన ముసలి తారలు. పీరియడ్ ఒక రోజుకు లోపే, అసలు మాగ్నిట్యూడు ఇంచుమించు 0.6, లోహాల (ఖగోళ పరిభాషలో హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నీ) శాతాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. పళ్లెం పైనా కిందా ధూళి తక్కువ కాబట్టి పని హాయిగా సాగింది. ఎత్తును బట్టి పెట్టగానే ఆకాశాన్ని చుట్టిన ఒక పొడవాటి పట్టీ తేలింది. 1994లో కనుగొన్న ధనుస్సు మరుగుజ్జు గెలాక్సీని పాలపుంత చీల్చుతుంటే రాలిన తారల ప్రవాహం అది. దీని మీద విడిగా పని చేయాలి, ఇక్కడ కలిపితే పళ్లెం పటం పక్కకు పోతుంది.

తర్వాతి పని

కేంద్రం వెనక ఖాళీకి మీరా తారలు సరిపోతాయేమో చూస్తున్నాను. వందల రోజుల పీరియడ్ ఉన్న ఎర్రని భారీ తారలవి, పరారుణంలో చాలా ప్రకాశవంతం కాబట్టి ధూళిని దాటి కనబడతాయి. ఓగ్లే జాబితాలో 65 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని తమ చుట్టూ తామే కార్బన్ ధూళిని పోగేసుకుంటాయి, అవి గీత నుంచి పక్కకు జరుగుతాయి. రంగును బట్టి ముందు వాటిని ఏరేయాలి. ప్రస్తుతం పెద్ద మాగెల్లానిక్ మేఘంలోని మీరాలతో, దూరం తెలిసిన చోటే, ఆ ఏరివేత ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షిస్తున్నాను. అక్కడ గీత బిగిసిందంటే కేంద్రం దిక్కు పట్టికలు తెరుస్తాను.